తూము కాడ మనిషి

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన మొదటి వారం. క్యాంటీన్‌లో టీమ్ అంతా కూర్చుని ఉన్నాం. పక్కన కూర్చున్న విజయవాడ అబ్బాయి "మీదే ఊరు?" అని అడిగాడు. కర్నూలు అన్నాను. "అమ్మో, అయితే నీతో జాగ్రత్తగా ఉండాలి" అంటూ కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి ఆ నవ్వు నాకు బాగా అలవాటైపోయింది.

అతని తప్పేం లేదు. మేమెవరమో మా కంటే ముందే సినిమా చెప్పేసింది. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర. మా చిన్నప్పుడు హీరో అంటే మా నేల మీదే పుట్టేవాడు, కానీ మా వీధిలో ఎప్పుడూ కనిపించేవాడు కాదు. తెల్లచొక్కా, వెనక పదిబండ్లు, తొడగొడితే లేచే దుమ్ము. నిజం చెప్పొద్దూ, స్కూలు ఎగ్గొట్టి మరీ చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కానీ ఆ రోజు క్యాంటీన్ నుంచి సీటుకు వచ్చాక ఒక ప్రశ్న మిగిలిపోయింది. సరే, వీళ్ళు కాదు. మరి మా వైపు హీరో అని నేను ఎవర్ని చూపిస్తాను? చాలా రోజులు జవాబు దొరకలేదు. దొరికాక, అది నాకే ఇబ్బందిగా మారింది. ఆ ఇబ్బంది గురించే ఈ వ్యాసం.

*

మా వైపు పల్లెల్లో ఊరి బయటో, పాత గుడి పక్కనో వీరగల్లులు కనిపిస్తాయి. చాలావాటికి ఇప్పుడు సున్నం పూసి, పసుపు రాసి దేవుళ్ళను చేసేశారు. దగ్గరికెళ్ళి చూస్తే మూడంతస్తుల బొమ్మ ఉంటుంది. కింద యుద్ధం. మధ్యలో చచ్చిపోయినవాణ్ణి అప్సరసలు చెరోపక్క పట్టుకుని పైకి తీసుకుపోవడం. పైన దేవుడి సన్నిధి. 

ఈ రాళ్ళలో నాకు నచ్చేదేమంటే, వీటిలో చాలావరకు రాజులవి కావు. పక్క ఊరివాళ్ళు ఆవులమందను తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిపోయినవాడికి రాయి. ఊరి మీద పడ్డ దొంగల్ని ఆపబోయి పోయినవాడికి రాయి. వెయ్యేళ్ళ కిందటే మామూలు మనిషిని వీరుడని పిలవడం మన ఊళ్ళకు తెలుసు. 'నిత్యజీవితంలో హీరో' అనేది ఇవాళ మనం కనిపెట్టిన ఆలోచన కాదు.

అయితే ఆ రాయికి ఒక షరతు ఉంది. చచ్చిపోవాలి. ఆవుల కోసం చచ్చినవాడికి రాయి ఉంది కానీ, ముప్పై ఏళ్ళపాటు ఆ ఆవుల్ని ఎండలో మేపుకొచ్చి, ఒక్క దూడను కూడా పోగొట్టకుండా సాయంత్రానికి ఎవరి దొడ్లో వాటిని కట్టేసినవాడికి రాయి లేదు. ఉండదు కూడా. చెక్కడానికి అందులో బొమ్మ ఏదీ? కత్తి ఎత్తిన చెయ్యిని చెక్కొచ్చు. రోజూ సరిగ్గా జరిగిన పనిని ఎలా చెక్కుతారు?

ఉయ్యాలవాడ విషయంలో కూడా ఇదే జరిగిందనిపిస్తుంది. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. ఆ ఊరి పేరు చెప్పగానే నరసింహారెడ్డి గుర్తొస్తాడు. తవర్జీ కోసం పంపితే జరిగిన అవమానం, 1846లో తిరుగుబాటు, 1847లో కోవెలకుంట్లలో ఉరి. 2019లో చిరంజీవి 'సైరా' చేశాక ఆ కథ దేశమంతా తెలిసింది. అదే ఊళ్ళో, ఆ ఉరి తర్వాత రెండు దశాబ్దాలు కూడా తిరక్కముందే, బుడ్డా వెంగళరెడ్డి అనే ఆయన ఉన్నాడు. 1866 కరువులో ఇంటి గాదెలు తెరిచి, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు అంబలి పోయించాడు. విక్టోరియా రాణి పేరు మీద ఆయనకు బంగారు పతకం వచ్చింది. రేనాటి జనం ఆయన మీద పాటలు కట్టి పాడుకున్నారు. కానీ మా తరంలో ఎంతమందికి తెలుసు? నాకే పాతికేళ్ళు వచ్చేదాకా తెలీదు.

ఒకే ఊరు, ఇద్దరు రెడ్లు. ఒకాయన ప్రాణం ఇచ్చాడు, ఒకాయన గింజలిచ్చాడు. ఇద్దరి మీదా నాకు గౌరవమే. కానీ వెంగళరెడ్డి కథ విన్నప్పుడల్లా నా కన్ను ఆయన మీద నిలవదు. ఆ అంబలి గంగాళం దగ్గర గరిట పట్టుకుని నిలబడ్డ మనిషి మీదికి పోతుంది. ఎవరో ఒకరు నిలబడి ఉండాలి కదా. ఎదురుగా వందలమంది. వరసలో తన చుట్టాలూ ఉండొచ్చు, తనకు గిట్టనివాళ్ళూ ఉండొచ్చు. ఆ గరిట ఒకరికి నిండుగా, ఒకరికి వెలితిగా పడిందా? ఆ మనిషికి పేరు లేదు. దాత ఇచ్చిన మాట గంజిగా మారి ముంతలో పడాలంటే మాత్రం, ఆ చెయ్యి మీదుగానే రావాలి.

*

2009 అక్టోబర్ 2. నేను కర్నూల్లో ఇంటర్ చదువుతున్నాను. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికొచ్చిన రోజు. కింద శ్రీశైలం డ్యామును 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా లెక్కవేస్తే, ఆ రోజుల్లో వచ్చింది 25 లక్షలు దాటింది. పాతబస్తీలో మొదటి అంతస్తులు మునిగాయి. మా మిద్దె మీద ఆ రాత్రి మాకు పేర్లు కూడా తెలియని నలభైమంది దాకా ఉన్నారు. మా అమ్మ ఉన్న బియ్యమంతా వండేసింది. ఎదురింటాయన, అప్పటికి రెండేళ్ళుగా గోడ తగాదాతో మా నాన్నతో మాట్లాడనివాడు, తాడు పట్టుకుని మా నాన్నతో కలిసి ఒక ముసలామెను పైకి లాగాడు.

ఆ రాత్రి చాలామంది హీరోలయ్యారు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ నీళ్ళు తీసిన నెలకే గోడ తగాదా మళ్ళీ మొదలైంది. అదే ఎదురింటాయన, అదే మా నాన్న. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఒక సంగతి ఉందనిపిస్తుంది. వరద మనిషికి లెక్కలేసుకునే టైం ఇవ్వదు. ఎదురుగా మునిగిపోతున్న మనిషి, చేతిలో తాడు. లాగుతాం. అందరికీ ఒకేసారి ఆపద వచ్చినప్పుడు మంచితనం కొంచెం సులువు.

కరువు అలా కాదు. కరువు నెమ్మదిగా వస్తుంది, నెలలకొద్దీ ఉంటుంది, రోజూ లెక్కలేసుకోమంటుంది. ఈ బిందె నాకా, పక్కింటికా? ఈ పూట నా మడికా, కింద మడికా? ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలైన కరువు తర్వాత తీసిన జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు మనుషుల్ని పోగొట్టుకుంది. అప్పుడు సహాయ శిబిరాల్లో రాళ్ళు కొట్టినవాళ్ళకు రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, చేతికి కొన్ని పైసలు. ఒక పౌనంటే అరకిలో కూడా లేదు. అంత తక్కువ ఉన్నప్పుడు, తూకం దగ్గర ఒక పిడికెడు అటూ ఇటూ కావడమంటే ఒక మనిషి అటో ఇటో అయిపోవడమే. వరదలో వీరుడికి ఒక రాత్రి చాలు. కరువులో ప్రతి పొద్దునా మళ్ళీ మొదట్నుంచి కావాలి.

తూము అనే మాట మనకు రెండు అర్థాల్లో ఉంది. చెరువుకట్ట కింద నీళ్ళు వదిలే తూము ఒకటి, గింజలు కొలిచే తూము ఒకటి. కడపలో పండితుల్ని పెట్టుకుని ఏళ్ళతరబడి మాటలు పోగుచేసిన బ్రౌన్ దొర తన నిఘంటువులో రెండూ రాసుకున్నాడు. మా సీమకు ఇంతకంటే సరైన మాట ఇంకోటి లేదనుకుంటాను. నీళ్ళయినా గింజలైనా, చివరికి కొలత దగ్గరికే వస్తుంది. కొలత అన్నాక కొలిచే చెయ్యి ఒకటి ఉండాలి.

*

నాకు దొరికిన జవాబు ఒక నీరుగంటి.

మా జేజినాయన వాళ్ళది పోరుమామిళ్ళ దగ్గర చిన్న పల్లె. ఊరికొక చెరువు, దానికింద వంద ఎకరాలు కూడా ఉండని ఆయకట్టు. చెరువు మరవ పారిన ఏడు ఊరికి పండగ, లేని ఏడు నీరుగంటికి పరీక్ష. తూము ఎత్తేది, దించేది, ఏ కాలవకు ఎంతసేపు, ఏ మడికి ముందు అనేది చూసేది ఆయనే. ఆ పని తరతరాలుగా మాలపల్లెలో ఒకే ఇంటివాళ్ళది. జీతం లేదు. పంట నూర్చినప్పుడు కళ్ళంలో ప్రతి రైతూ ఇన్ని గింజలు మేర కింద కొలిచిపెట్టాలి. అంటే ఆయన ఎవరెవరికి నీళ్ళు వదిలాడో వాళ్ళు పెడితేనే ఆయనింట్లో పొయ్యి వెలుగుతుంది. 

ఎనభైల మొదట్లో ఒక ఏడు, వరి పొట్టదశలో ఉండగా చెరువు అడుగంటింది. మా జేజినాయనకు తూముకు దగ్గర్లోనే నాలుగెకరాలు. తన వంతు అయిపోయింది. ఇంకొక్క జాము వదలమని రాత్రిపూట చెరువుకట్ట మీదికి పోయి అడిగినాడు. అడగడమేంటి, చెప్పినాడు. నీరుగంటి తూము దించేసి, కట్ట మీదే నిలబడి, "మీ వంతు అయిపాయె సామీ. కింద మడోళ్ళు కాసుకోనుండారు" అన్నాడట. అంతే. కేకలు లేవు, గొడవ లేదు. ఆ ఏడు పంట నూర్చినప్పుడు మా జేజినాయన కళ్ళంలో నీరుగంటికి మేర పెట్టలేదు. గోనెసంచి పట్టుకుని వచ్చిన మనిషి కాసేపు నిలబడి, ఖాళీ సంచితోనే వెళ్ళిపోయాడట.

ఈ కథ నాకు మా జేజి చెప్పింది. ఆమె దీన్ని కథలాగా కాదు, ఇంటి మీదున్న బాకీలాగా చెప్పింది.

2015లో ఊరికి పోయినప్పుడు ఆయన్ను కలిశాను. అప్పటికి చెరువు నిండా సర్కారు తుమ్మ. ఊరంతా బోర్లే. నీరుగంటి అనే పనే లేదు. ఆయన కొడుకు కువైట్‌లో డ్రైవరు. నేను లోపల ఒక పెద్ద మాట వినాలని పోయానేమో, ధర్మమనో, న్యాయమనో. "ఆ పొద్దు మా జేజినాయనకు ఎందుకు వదల్లేదు?" అని అడిగితే ఆయన నా వైపు విచిత్రంగా చూశాడు. "ఎట్ల వదిలేది నాయనా? ఒకరికి వదిల్తే పదిమంది వస్తారు. యాడనుంచి తెచ్చేది?" అన్నాడు. ఇంతే ఆయన తత్వం. కాసేపటికి ఆయనే, నేను అడక్కుండా, ఇంకో మాట చెప్పాడు. "ఒగతూరి మాత్రం తప్పు జేసినా. మొగుడు సచ్చిపోయిన ఆమె మడి ఎండిపోతాంటే వంతు కాకపోయినా రోంతసేపు ఇడిసినా. అది తప్పే."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. బలమున్నవాడు అడిగితే వంగనివాడు, బలం లేని మనిషి అడక్కుండానే వంగాడు. నియమం ప్రకారం చూస్తే రెండోది తప్పే, ఆయన చెప్పినట్టే. ఆ రాత్రి కింద మడివాడి వాటా ఎంతోకొంత తగ్గే ఉంటుంది. కానీ భయంతో వంగడం, జాలితో వంగడం ఒకటేనా? నేనైతే కాదనే అంటాను. ఆయన మాత్రం రెండోదాన్ని గొప్పగా చెప్పుకోలేదు, తప్పుల లెక్కలోనే రాసుకున్నాడు. ఆయన మీద నాకు ఎక్కువ నమ్మకం కలిగింది అక్కడే.

"తన పని తాను చేశాడు, ఇందులో హీరోయిజం ఏముంది?" అని మీరు అడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. నిజమే, తూము దించడం ఆయన పని. కానీ ఒకే పనికి అందరూ ఒకే ధర కట్టరు. అదే రాత్రి ఊరి పెద్దరెడ్డి ఎవరైనా మా జేజినాయనకు 'కుదరదు' అని చెప్పుంటే, దాని ఖరీదు మహా అయితే ఒక మాటపట్టింపు. నీరుగంటి చెప్పినప్పుడు దాని ఖరీదు ఏడాది తిండిగింజల్లో ఒక భాగం. విధి మామూలుదే. దాన్ని వీరత్వం చేసింది ఆ ఖరీదు. మరి ఆ ఖరీదు పెట్టింది ఎవరు? మా జేజినాయన.

ఇక్కడే నాకు ఇబ్బంది మొదలైంది.

*

పోరుమామిళ్ళ పెద్దచెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువు కట్టడానికి రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది పనిచేశారని, రాళ్ళు మోయడానికి వంద బండ్లు తిరిగాయని అందులో ఉంది. అంతకంటే ముఖ్యం, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు వరసగా చెప్పింది. ధర్మం తెలిసిన రాజు, నీటిశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, దూరం నుంచి పారే తియ్యటి నీళ్ళ నది, మరీ పొడవు కాని గట్టి కట్ట, పని తెలిసిన మనుషులు, ఇలా. దోషాల్లో కట్ట కారడం, చవుడు నేల ఉన్నాయి. వాటితోపాటు ఇంకో దోషం ఉంది: రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం.

ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను. కట్టలో చీలిక ఎలాంటి లోపమో, మనుషుల మధ్య తగాదా పుట్టించే చోటు కూడా అలాంటి లోపమేనని వాళ్ళు రాసుకున్నారు. తగాదా వచ్చాక ఎవడో ధీరుడు వచ్చి తీరుస్తాడులే అనుకోలేదు. అసలు ధీరుడి అవసరం రాని చోట కట్టుకోమన్నారు.

నిత్యజీవితంలో హీరోల గురించి మనం మాట్లాడే తీరులో నాకు పేచీ ఉన్నది ఇక్కడే. మూడు కిలోమీటర్లు నడిచి బిందె మోసుకొచ్చే తల్లిని హీరో అంటాం. నడుంలోతు మురుగులో దిగే మనిషికి ఏడాదికోసారి శాలువా కప్పుతాం. కప్పి, కొళాయి సంగతి, యంత్రం సంగతి మర్చిపోతాం. హీరో అనే మాట ఒక్కోసారి చాలా చవకైన మేర. గింజలు పెట్టడం ఎగ్గొట్టి, పొగడ్త కొలిచిపెట్టడం. నేను ఇక్కడ నీరుగంటిని హీరో అని రాస్తున్నది కూడా, మా ఇంటి బాకీని ఒక వ్యాసంతో తీర్చేసుకోవడానికేనేమో అన్న అనుమానం నాకు ఉంది. 

*

2024 మార్చి. బెంగళూరులో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం వరసలు కట్టిన నెల. మా అపార్ట్‌మెంట్‌కు రెండు బ్లాకులు. నేను కమిటీ మెంబర్ని. ట్యాంకర్ రాగానే ఏ బ్లాక్‌కు ఎంతసేపు నీళ్ళు వదలాలో టైం రాసిపెట్టాం. వాల్వ్ తిప్పేది పంపు ఆపరేటర్. అనంతపురం వైపు మనిషి. పంపురూమ్ పక్కన ఒకే గదిలో భార్యాపిల్లలతో ఉంటాడు.

ఒక రాత్రి మా ఇంటికి చుట్టాలొచ్చారు. మా బ్లాక్ టైం అయిపోయింది. కిందికెళ్ళి "ఇంకాస్సేపు వదులు" అన్నాను. "సార్, బి బ్లాక్ టైం అయింది సార్" అన్నాడు. "ఏం కాదులే, నేను చూసుకుంటా" అన్నాను. అడగడమేంటి, చెప్పాను.

అతను ఒక్క క్షణం వాల్వ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వదిలాడు. నలభై నిమిషాలు.

పొద్దున బి బ్లాక్‌లో మూడు అంతస్తులకు నీళ్ళు లేవు. కమిటీ మీటింగ్‌లో అతన్ని నిలబెట్టి అడిగారు. నిద్రపోయావా, డబ్బులు తీసుకున్నావా అని కూడా అన్నారు. నెల జీతంలో రెండు రోజులు కోస్తామన్నారు. అతను ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

అతనికి నీరుగంటికి ఉన్న ధైర్యం లేదు అని నేను రాయగలను. రాస్తే అది పచ్చి అబద్ధం. నీరుగంటికి ఊళ్ళో తన ఇల్లయినా ఉంది. ఇతనికి ఆ గది కూడా మాదే. పక్కవాడు హీరో కాలేదని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, అందులోనూ అతనికి ఆ ఖరీదు కట్టినవాడికి అసలే లేదు. వీరత్వం ఎదుటివాళ్ళ నుంచి వసూలు చేసుకునేది కాదు. మన నుంచి మనం అడుక్కోగలిగితే అడుక్కోవాలి. ఆ మీటింగ్‌లో నోరు విప్పడానికి నాకు పడే ఖరీదు కాస్త సిగ్గు. అది కూడా పెట్టలేకపోయాను. క్యాంటీన్‌లో ఆ అబ్బాయి వేసిన జోక్‌లో సీమ మనిషి అంటే భయపెట్టేవాడు. ఆ రాత్రి పంపురూమ్ దగ్గర కత్తీ కొడవలీ లేకుండానే నేను సరిగ్గా అదే అయ్యాను. మా జేజినాయన కూడా ఎప్పుడూ కత్తి పట్టినవాడు కాదు.

పదకొండు రోజులు పట్టింది నాకు. పన్నెండోరోజు గ్రూపులో మెసేజ్ పెట్టాను, ఆ నలభై నిమిషాలు నేనే వదిలించానని. కొంతమంది దండం బొమ్మలు పెట్టారు. ఒకాయన 'గొప్ప నిజాయితీ' అన్నాడు. అది చూసి ఇంకా సిగ్గేసింది. బి బ్లాక్ నుంచి ఒకామె మాత్రం "ఆయన జీతం సంగతి ఏం చేశారు?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. కోసిన రెండు రోజుల జీతం వెనక్కి ఇప్పించాం. అతని ముందు కూడా తప్పు ఒప్పుకున్నాను. "పర్వాలేదులే సార్" అన్నాడు. అది క్షమించడమో, ఉద్యోగమో నాకు తెలీదు.

ఆ తర్వాత కమిటీలో ఒక మార్పు చేయించగలిగాను. ఇప్పుడు వాల్వ్ పక్కన దారంతో కట్టిన నోట్‌బుక్ ఒకటి వేలాడుతుంది. టైం దాటి నీళ్ళు కావాలంటే, అడిగినవాళ్ళే అందులో ఫ్లాట్ నంబరూ, ఎంతసేపో రాసి సంతకం పెట్టాలి. అతను కుదరదని చెప్పాల్సిన పనిలేదు, నోట్‌బుక్ చూపిస్తే చాలు. ఇప్పటికి ఎవరూ రాయలేదు, మొదటి పేజీలో ఒక్క పేరు తప్ప. నా ఫ్లాట్ నంబరు, నలభై నిమిషాలు, నా సంతకం.

కడప జిల్లాలో ఆ ఇంటికి పోవడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఆయన లేడిప్పుడు. కొడుకు కువైట్ నుంచి వచ్చేశాడని విన్నాను. నలభై ఏళ్ళ కిందటి మేర ఇప్పుడు ఎన్ని తూములవుతుందో మా జేజిని అడిగాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.